ముట్టుకోకుండా ఒక గంట

కూతురు స్నానాల గది గడియ పెట్టుకున్న చప్పుడు వినగానే తల్లి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ ముందు నిలబడింది. కూర్చోలేదు. కూర్చుంటే దాని జోలికి వెళ్లినట్టవుతుంది, నిలబడితే అటుగా పోతూ ఓసారి చూసినట్టే ఉంటుంది అని ఆమె లెక్క. తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే ఉంది. మౌస్ మీద దుమ్ము తుడుస్తున్నట్టు చేతిగుడ్డ వేసి దాన్ని అటూ ఇటూ జరిపింది. బాణం కదిలింది. హమ్మయ్య అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి, కూర ఒకసారి కలిపి, మళ్లీ వచ్చింది.

ఆ కంప్యూటర్ జబ్బు వింతది. పని చేస్తున్నంతసేపూ నిక్షేపంగా ఉంటుంది. పని లేకుండా కాసేపు వదిలేస్తే చాలు, ఉన్నదున్నట్టుగా బిగుసుకుపోతుంది. మౌస్ కదిపినా మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. తెర మీది గడియారం కూడా ఆగిపోతుంది. కరెంటు తీసేసి మళ్లీ పెడితే తప్ప లేవదు.

కూతురి ఉద్యోగమేమో ఎదురుచూడటం. ఒక చెప్పుల కంపెనీలో చెప్పులు కొన్నవాళ్లకి ఏదైనా ఇబ్బంది వస్తే కంప్యూటర్లో టైపు చేసి అడుగుతారు, ఆ పిల్ల ఇంట్లోంచే జవాబు టైపు చేస్తుంది. ఒక్కోసారి మంచినీళ్లు తాగే తీరికుండదు. ఒక్కోసారి ఎంతసేపైనా ఎవరూ రారు. కంప్యూటర్ బిగుసుకుపోయేది సరిగ్గా అలాంటప్పుడే. పిల్ల కుర్చీలోనే ఉన్నా, వచ్చినవాళ్లకి జవాబు అందక, మనిషి సీట్లో లేదని కంపెనీలో రాసుకునేవారు. అలా రెండుసార్లు జరిగింది. ఇంకొక్కసారి జరిగితే ఇంటినుంచి పనిచేసేవాళ్లలోంచి తీసేస్తామని సూపర్‌వైజర్ ముందే చెప్పేసింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ తల్లికి అన్నం సహించడం లేదు. ఉద్యోగం పోతుంది, పిల్ల దిగులుతో మంచం పడుతుంది, ఆ తర్వాత... ఆ తర్వాతది తలుచుకోవడానికి కూడా భయమేసి లేచి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి వచ్చేది.

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. వీధి చివర కొట్టు అతనిది, తల్లిని పిన్నిగారూ అంటాడు. మొదటిసారి లోపల దుమ్ము దులిపి మెమరీ ముక్కలు తీసి మళ్లీ బిగించాడు. రెండోసారి అంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాడు. అతను ఉన్నంతసేపూ అది బుద్ధిమంతురాలిలా నడిచింది. చివరికి అతను, జబ్బు నా కళ్ల పడాలి, డ్యూటీ మొదలయ్యే ముందు రోజూ ఒక గంటపాటు ఎవరూ ముట్టుకోకుండా వదిలేయండి, బిగుసుకుపోతే అలాగే ఉంచి నాకు ఫోన్ చేయండి అన్నాడు.

కూతురు ఆ గంటలో స్నానం, భోజనం చేసేది. కంప్యూటర్ ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. విండోస్ మార్చడంతో బాగుపడిందని మెకానిక్ అన్నాడు. అది ఎలా బాగుపడిందో తల్లికీ చేతిగుడ్డకీ తెలుసు. డ్యూటీలో కూడా ఎవరూ రానప్పుడల్లా బల్ల తుడిచే వంకన ఆ గుడ్డ మౌస్ మీదుగా పోయేది. బిగుసుకుంటేనే జబ్బు తెలుస్తుందని అతను చెప్పింది ఆమెకి అర్థం కాక కాదు. కళ్లెదుట అది కొయ్యబారుతుంటే చేతులు కట్టుకుని చూడటం ఆమె వల్ల కాలేదు, అంతే. బస్సు డిపోలో పనిచేసే ఆమె భర్త, సూర్యుడు ఉదయించాడో లేదో తట్టి చూసే మనిషివి నువ్వు అని ఎప్పుడూ దెప్పుతుంటాడు.

ఆ రోజు కూతురు తల తుడుచుకుంటూ హుషారుగా బయటికి వచ్చింది. కంప్యూటర్ బాగైందని సూపర్‌వైజర్‌కి చెప్పేశానని, ఈ సాయంత్రం నుంచి తనకి రద్దీ డ్యూటీ ఇచ్చారని, గది తలుపు వేసుకుని కూర్చుంటానని, భోజనానికి కూడా పిలవొద్దని గబగబా చెప్పింది.

తలుపు వేసుకుంటే చేతిగుడ్డకి దారేది? తల్లి గుడ్డని చేతికి చుట్టుకుంది. ఏదో వంకన లోపలికి వెళ్లొచ్చు అనుకుంది. ఎన్ని వంకలు దొరుకుతాయి? కూర మాడిన వాసన వస్తున్నా అటు వెళ్లలేదు.

"అది బాగవలేదే," అంది. "నేను కదుపుతున్నా."

"ఏం కదుపుతున్నావ్?"

"అదే, మౌస్. నువ్వు అవతలికి వెళ్లినప్పుడల్లా. డ్యూటీలో దుమ్ము తుడిచే వంకన కూడా."

కూతురు తువ్వాలు భుజాన వేసుకుని మౌస్ వైపు, తల్లి చేతిలోని గుడ్డ వైపు చూసింది. ఆ పిల్ల అరిచినా బాగుండేదనిపించింది తల్లికి.

"అంటే ఇన్నాళ్లూ నువ్వు దానికి కాపలా కాశావన్నమాట. నేనేమో సూపర్‌వైజర్‌తో గొప్పగా చెప్పేశాను," అని కూతురు ఫోన్ అందుకుంది.

మెకానిక్ సంచీ తగిలించుకుని వచ్చాడు. విషయం విని నవ్వు ఆపుకోలేకపోయాడు. అందరికీ తలో కుర్చీ వేయించి, తల్లిని మాత్రం బల్లకి దూరంగా గోడవార కూర్చోబెట్టాడు.

"పిన్నిగారూ, మీ చేతులు మీ ఒళ్లోనే పెట్టుకోండి. ఎక్కడికీ పారిపోవు."

ముగ్గురూ తెర మూలనున్న గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. అంకెలు మారుతున్నాయి. తల్లి వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. అంకెలు ఇంకా మారుతున్నాయి. ఆమె కాస్త ముందుకి వంగింది, మెకానిక్ చూడగానే వెనక్కి వాలింది. ఉన్నట్టుండి అంకె మారలేదు. కూతురు మౌస్ కదిపింది, బాణం కదల్లేదు. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

"దొరికింది," అని మెకానిక్ లేచి నిలబడ్డాడు. కొంప మునిగితే ఈ అబ్బాయికి ఇంత సంబరమేమిటా అని తల్లికి ఒళ్లు మండింది.

అతను విడమరిచి చెప్పాడు. తాకకుండా వదిలేస్తేనే బిగుసుకుంటోందంటే తేడా కరెంటు అందేచోటే ఉంది. పోయిన ఏడాది లోపలి భాగాలన్నీ కొత్తవి వేసి, కరెంటు అందించే డబ్బా మాత్రం పాతదే ఉంచారు. బాగానే ఉన్నదాన్ని కదపడం దేనికని అప్పట్లో వద్దన్నది పిన్నిగారే. కొత్త భాగాలు పని లేనప్పుడు మరీ గాఢంగా నిద్రపోతాయి, అప్పుడు వాటికి కావలసిన కరెంటు చిటికెడంత కొంచెం. అంత కొంచెం నిలకడగా ఇవ్వడం పాత డబ్బాకి చేతకాదు. ఆ నిద్ర ఆపేస్తే సరిపోవచ్చు. మెషిన్ మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలోకి వెళ్లి ఏదో మార్చాడు. వీలు చూసుకుని డబ్బా కూడా మార్పించమన్నాడు.

"అంటే ఇక అది అసలు నిద్రే పోదా బాబూ? వేడెక్కి అంటుకోదూ?"

"కునుకు తీస్తుంది పిన్నిగారూ, చచ్చినట్టు పడి నిద్రపోదు. ఇప్పుడు ఇంకో గంట వదిలేయండి. ఈసారి నిజంగా."

అతను వెళ్లిపోయాడు. తల్లి గదిలో ఉండలేక బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే ఎలాగే?"

"పరీక్ష అదే కదమ్మా."

తల్లి చెప్పుతో మెట్టు అంచు గీకింది. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన దుప్పటి గాలికి జారుతోంది, కింద పడుతుందేమో, ఎవరైనా చెబితే బాగుండును అనుకుంది.

"చిన్నప్పుడు నువ్వు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని."

"ఇప్పుడూ పెడుతున్నావ్. మొన్న నేను మెలకువగానే ఉన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మానేస్తావా?"

తల్లి కాస్త ఆలోచించి, లేదని ఒప్పుకుంది. కూతురు నవ్వి ఆమె భుజానికి తల ఆనించింది. తడి జుట్టు, జలుబు చేస్తుందేమోనని తల్లికి భయం పట్టుకుంది, కానీ కదిలితే పిల్ల లేచిపోతుందని అలాగే ఉండిపోయింది.

గంట గడిచాక లోపలికి వెళ్లేసరికి అంకెలు మారుతూనే ఉన్నాయి. డ్యూటీ మొదలైంది. రద్దీ డ్యూటీ అన్నారు గానీ ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. కూతురు గది తలుపు తీసే ఉంచింది. తల్లి కుర్చీ వెనక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వెళ్లి కూర్చోమని కూతురు అనలేదు, ఆమె వెళ్లనూ లేదు.

ఉన్నట్టుండి తెర మీద ఒక వరుస మెరిసింది. కొత్త జోడు ఎడమ కాలికి బిగుతుగా ఉందట ఎవరికో. కూతురు చకచకా జవాబు టైపు చేయడం మొదలుపెట్టింది. తల్లి ఊపిరి వదిలి, ఆ వరుసని కూడబలుక్కుంటూ ఇంకోసారి చదివింది.

"ఒక్క కాలేనా? వాపేమో అడగవే. డాక్టరుకి చూపించుకోమని రాయి."