ఎడమకాలి ప్యాడ్ కడుపుమంట

నేను ఒక హాకీ గోల్‌కీపర్ ఎడమకాలి ప్యాడ్‌ని. జలంధర్‌లో స్పాంజి పొరలు అతికించి నన్ను తయారుచేశారు. కుడికాలిది నా కవల. దానికి ఏదీ పట్టదు. ధర్మవరంలో ఒక ఆడపిల్లల కాలేజీకి వచ్చి, చాలామంది కాళ్ళు మారి, అందరి చెమటా పీల్చుకుని, చివరికి షాహీన్ కాలికి చేరాను.

కడుపుమంట ఆయుధపూజ నాడు మొదలైంది. ఆటలు నేర్పే పీడీ మేడమ్ స్టిక్కులన్నిటినీ బల్ల మీద పేర్చి కుంకుమ పెట్టారు. బంతులకు కూడా బొట్లే. నన్ను మాత్రం "కాళ్లకు తొడిగేది గదా" అని గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టించారు. లోపల మొదటి హారతి ఓబులేశ్వరి కొత్త స్టిక్‌కు.

ఓబులేశ్వరి మా ఫుల్‌బ్యాక్. గోలు ముందు కాపలా ఉండవలసిన పిల్ల. ఆ స్టిక్ చేతికొచ్చాక తనే గోల్స్ కొట్టాలనిపించింది. పేపర్లో కొట్టినవాళ్ళ పేర్లే కదా వేసేది. బంతి దొరికితే చాలు, అవతలి కొసకు పరుగు. ఆమె వదిలిన ఖాళీలోంచి ఎదుటి జట్టు పెళ్ళివారిలా తరలివచ్చేది. దెబ్బలు నాకు, తిట్లు షాహీన్‌కు, కొత్త గ్రిప్పు టేపు ఆ స్టిక్‌కు.

చివరి లీగ్ మ్యాచ్ ముందు మేడమ్ తేల్చేశారు. "ఈ పొద్దు గూడా గోలు పడితే నాకౌట్లకు వేరే పాపను నిలబెడతా షాహీనూ. ఏమనుకోవాకు."

షాహీన్ నా పట్టీలు బిగించుకుంటూ, "అక్కా, ఈ ఒక్క దినమన్నా ఈడే ఉండు" అంది.

"నువ్వు బాలు ఆపుకోలేకపోతే నేనేం చేయాల పాపా?" అంది ఓబులేశ్వరి.

ఒక గోలు ఆధిక్యంలో ఉన్నాం. ఆట ముగియబోతుండగా ఆమె మళ్ళీ ముందుకు పోయింది, బంతి పోగొట్టుకుంది, రొప్పుతూ వెనక్కి పరుగెత్తింది. ఎదుటి అమ్మాయి కొట్టిన బంతి వచ్చి నాకు ధడేలుమని తగిలింది. పక్కకు దొర్లుతూ ఓబులేశ్వరి స్టిక్‌ను ఊరికే అలా తాకి బయటికి పోయింది. గెలిచాం.

"ఎవరే ఆపింది?" అన్నారు మేడమ్. నేను ఉబ్బాను.

"అక్క కట్టె మేడమ్" అంది షాహీన్. "అక్క ఎనక్కి రాకుంటే పోయినట్లే."

నా పట్టీలు తెగినంత పనైంది. మర్నాడు పేపర్లో ఓబులేశ్వరి ఫొటో, గోలును కాచిన పిల్ల అని. ఆ తర్వాత ఆమె సగం మైదానం దాటితే ఒట్టు. ముందుకు రమ్మంటే, "నేనొస్తే ఎనకాల ఎవురు సూస్తారు?" అని కసిరేది. గోల్స్ పడటం తగ్గింది. షాహీన్ చోటు షాహీన్‌కే దక్కింది.

గడుసు పిల్ల. తన మెప్పు తాను వదులుకుంటే సరే, నాది కూడా కలిపి ఇచ్చేసింది.

ఇప్పుడు స్టోర్ రూములో చిరిగిన వలల కింద ఉన్నాను. ఆ బంతి తగిలిన చోట సొట్ట ఇంకా పూడలేదు. మొన్న కొత్త మేడమ్ అందులో వేలు పెట్టి చూసి, "ఎలుకలు కొరికినట్లుండాయి" అన్నారు.