ఏ పనీ చేయని మనిషి

వాళ్ళు అడిగింది రెండు ఉత్తరాలు. లిఫ్టాయన భార్య తొమ్మిది పట్టుకొచ్చింది. కొంప మునిగింది అక్కడే.

ఇరుగుపొరుగుల్లో ఎవరైనా ఇద్దరు ‘ఈ దంపతులు మాకు తెలుసు, మంచివాళ్ళు’ అని రాసిస్తే చాలని దరఖాస్తులో స్పష్టంగానే ఉంది. కానీ ఆవిడ ఒక జిరాక్సు అడిగితే మూడు తీయించే మనిషి. వారం రోజులు బిల్డింగు నాలుగంతస్తులూ ఎక్కి దిగి, తొమ్మిది తలుపులు తట్టి, తొమ్మిది ఉత్తరాలు రాయించింది. ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫైలుకు కొత్త దారం కట్టి, పెళ్ళి ఆల్బమ్ మోసినట్టు రెండు చేతులతో మోసుకుంటూ వీసా ఆఫీసుకు వచ్చింది. ఏం రాశారో మొగుడికి చూపించలేదు. “ఆఫీసరు చదువుతుంటే వినండి, అప్పుడు తెలుస్తుంది మీరేంటో” అంది.

తెలిసింది.

లిఫ్టాయన అంటే సొంత దేశంలో ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టుల కంపెనీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయనకు అసలు పేరొకటుందన్న సంగతి వీసా కాగితాల్లో తప్ప ఎవరికీ పట్టలేదు. ఇక్కడికి వచ్చింది సరదాకి కాదు. భార్యకు ఉబ్బసం. సొంతూళ్ళో వాళ్ళ వీధి చివర రాళ్ళు కోసే మిషన్లు పెట్టాక ఆవిడ పడుకుని నిద్రపోవడం మానేసింది. వీపు వెనక మూడు దిళ్ళు పెట్టుకుని, కూర్చుని, ఈలపాటలాంటి ఊపిరితో ఆరేళ్ళు అలాగే తెల్లవారించింది. గాలి మార్చమన్నాడు డాక్టరు. ఈ సముద్రపు ఊళ్ళో రిటైరైనవాళ్ళకు వేరే వీసా ఇస్తారని తెలిసి కాగితాలన్నీ పోగుచేశారు. వయసు సరిపోయింది, పెన్షను సరిపోయింది. బీమా ఉంది, పోలీసు కేసు లేదు, ఎక్స్‌రేలో క్షయ లేదు. ఆఖరి కాగితం మీద మాత్రం ‘ఈ దేశంలో ఉన్నంతకాలం జీతానికి గానీ, ఊరికే గానీ ఏ పనీ చేయను’ అని సంతకం పెట్టమన్నారు. లిఫ్టాయన నవ్వుతూ పెట్టాడు. పని చేయొద్దని ఒట్టు పెట్టించుకునే దేశం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

నాలుగేళ్ళయింది. ఏడాదికోసారి వీసా పొడిగించుకుంటూ వచ్చారు. ఇక్కడి భాష ముందు ఆవిడకు, తర్వాత ఆయనకు పట్టుబడింది. ఆవిడ ఇప్పుడు ఒకే ఒక దిండు మీద, వెల్లకిలా పడుకుని నిద్రపోతుంది. మందు పీల్చే గొట్టం ముట్టుకుని పద్నాలుగు నెలలు దాటింది. ఈసారి ఇచ్చేది ఐదేళ్ళ వీసా. ఇవ్వకపోతే నెలలోగా సర్దుకుని ఆ రాళ్ళ మిషన్ల వీధికి పోవాల్సిందే.

ఆఫీసరు గది తలుపు వదిలితే దడేల్మని పడుతోంది. లిఫ్టాయన లోపలికి వస్తూనే అది గమనించి, పడకుండా చేత్తో పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేశాడు. పైన, తలుపును మెల్లగా మూసే డబ్బాలోంచి నూనె కారలేదు, పక్క మర వదులైందంతే, పావు తిప్పు తిప్పితే సరిపోతుంది. ఆయన చొక్కా జేబులో ఇతరులకు పెన్ను ఉండేచోట చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది. చెయ్యి దాని మీదకు పోయింది. భార్య కళ్ళతోనే కూర్చోమంది. కూర్చున్నాడు.

ఆఫీసరు మర్యాదస్తుడు. అద్దాలు తుడుచుకుని మొదటి ఉత్తరం పైకే చదివాడు.

“‘మా లిఫ్టు ఆగిపోయి నేను లోపల ఇరుక్కుంటే ఈయన పైన మిషను గదికి ఎక్కి, కరెంటు ఆపి, చక్రం చేత్తో తిప్పి నన్ను క్షేమంగా దించారు.’ ఇది మూడో అంతస్తు టీచరుగారు. ‘నా షాపు షట్టరు ఇప్పుడు వేలితో లేస్తుంది.’ ఇది కింద లాండ్రీ ఆవిడ. ‘వాషింగ్ మెషిన్ బెల్టు మార్చారు.’ ‘మెట్ల లైట్లన్నీ ఈయన చలవే.’ ‘ఈయన రాకముందు మా బిల్డింగు వేరు, వచ్చాక వేరు.’”

ఒక్కో వాక్యానికీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఒక్కో వాక్యం కిందా ఆఫీసరు ఎర్ర పెన్సిలు గీత గీస్తున్నాడు. ఆ గీతలు ఆవిడకు మార్కుల్లా కనిపించాయి కాబోలు.

“ఇవన్నీ నిజమేనా?” అన్నాడు ఆఫీసరు.

“అక్షరాలా నిజమండీ! చోటు చాలక ఇంకా చాలా రాయలేదు వాళ్ళు” అంది ఆవిడ.

 ఆఫీసరు ఫైలు అడుగునుంచి నాలుగేళ్ళ కిందటి ఆ ఆఖరి కాగితం తీసి, ఉత్తరాల పక్కన పెట్టాడు. లిఫ్టాయనకు తన సంతకం కనిపించింది. 

“నేను ఒక్క పైసా తీసుకోలేదండీ.”

“తెలుస్తోంది. మాకు ఇబ్బంది అదే. డబ్బు తీసుకుని చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. మీరు ఊరికే చేస్తే వాళ్ళ పని పోతుంది.”

“లోపల మనిషి ఇరుక్కుందండీ. అరవై ఎనిమిదేళ్ళావిడ. షుగరు సూది వేసుకునే టైము దాటిపోతోంది.”

“కంపెనీకి ఫోను చేయాల్సింది.”

“చేశాం. మూడు గంటలు పడుతుందన్నారు.”

“అయితే మూడు గంటలు ఆగాల్సింది” అన్నాడు ఆఫీసరు, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో లిఫ్టాయనకు ఆ క్షణం తెలిసింది. ఆఫీసరు అరిచినా బాగుండేది, లంచం అడిగినా బాగుండేది, అప్పుడు తిట్టడానికి మనిషి దొరికేవాడు. ఈ మెత్తటి మనిషిని ఎక్కడ పట్టుకుని దులపాలి? మనిషి ప్రాణం పోతున్నా చేతులు కట్టుకుని కూర్చునేవాడే ఈ దేశంలో ఉండటానికి అర్హుడని, అదీ ఎంతో మర్యాదగా చెబుతున్నాడు!

“ఇంకా వీటిని రిజిస్టరులో ఎక్కించలేదు. నేను చేయగల సాయం అదొక్కటే. ఇవి తీసుకెళ్ళిపోండి. శుక్రవారం లోపల వేరే రెండు తెండి. వాటిలో పని అన్న మాట కనపడకూడదు. దాంతోపాటు ఈ కాగితం మీద సంతకం పెట్టి తీసుకురండి” అని ఆఫీసరు ఒక కొత్త కాగితం ఇచ్చాడు.

‘నేను ఇంతవరకు ఏ పనీ చేయలేదు. ఇకముందు చేయను.’

తిరుగు బస్సులో లిఫ్టాయన భార్య మీద విరుచుకుపడ్డాడు.

“రెండంటే రెండు తేలేవూ? ఊరంతా డప్పు కొట్టి రాకపోతే నీకు తోచదా? నా పరువు పెంచమని నిన్నెవరు అడిగారే?”

“నాకేం తెలుసండీ? మంచి చేస్తే తప్పంటారని ఎవరైనా అనుకుంటారా?” అంది ఆవిడ.

“దరఖాస్తు చదివితే తెలుస్తుంది!”

“మీరూ చదవలేదుగా! నవ్వుకుంటూ సంతకం పెట్టింది మీరే!”

ఆయన ఇంకో మాట అనబోయాడు. అప్పుడు వినిపించింది, ఆ సన్నటి ఈల. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి వెతికి, అడుగునెక్కడో పడున్న గొట్టం తీసి, నోట్లో పెట్టుకుని నొక్కింది. పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి. లిఫ్టాయన ఆవిడ సంచి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆఫీసరు మీది కోపం, ఆవిడ మీది కోపం, తన సంతకం మీది కోపం ఏ ఒక్కటీ తగ్గలేదు. దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సముద్రం కనిపించింది గానీ ఆయన దాన్నీ తిట్టుకున్నాడు.

మర్నాడు లాండ్రీ ఆవిడ దగ్గరికి ఇద్దరూ వెళ్ళి సంగతి చెప్పారు. ఆవిడ ముక్కున వేలేసుకుని, వెంటనే కాగితం, పెన్ను తెచ్చుకుని కౌంటరు దగ్గర కూర్చుంది.

“చెప్పండి, ఏం రాయమంటారు?”

“మంచివాడని రాయండి” అంది భార్య.

“ఎందుకు మంచివాడో రాయాలిగా?”

“అందరినీ పలకరిస్తాడని...”

“ఎక్కడ పలకరిస్తారండీ? తల పైకెత్తి మా షట్టరు చూసుకుంటూ పోతారు” అని లాండ్రీ ఆవిడ నవ్వబోయి, లిఫ్టాయన ముఖం చూసి ఆపేసింది.

పెన్ను కాగితం మీద ఆనించి చాలాసేపు కూర్చుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కి టక్కున ఆగింది, మళ్ళీ వెలిగింది. ఆయనకు ఏం ఇష్టమో ఆవిడకు తెలియదు. ఆయన కబుర్లు ఎప్పుడూ వినలేదు. నాలుగేళ్ళలో ఆయన ఆవిడతో మాట్లాడిందల్లా షట్టరు గురించి, బోల్టుల గురించి, వారానికోసారి వేయాల్సిన గ్రీజు గురించి. పని తీసేస్తే ఆ మనిషిలో రాయడానికి ఏమీ మిగల్లేదు. చివరికి ‘ఈయన నెమ్మదస్తుడు, ఎవరికీ ఇబ్బంది కలిగించడు’ అని రాసి సంతకం పెట్టింది. కాగితం ఇస్తూ ఆయన వైపు చూడలేకపోయింది. అది చావు కబురు కార్డులో రాసే మాటలా ఉందని లిఫ్టాయనకు ఒళ్ళు మండింది.

మూడో అంతస్తు టీచరమ్మ ఒప్పుకోలేదు.

“నలభై ఏళ్ళు పిల్లలకు నిజం రాయమని నేర్పానండీ. ఇప్పుడు ఈ వయసులో అబద్ధం రాయమంటారా?”

“అబద్ధం వద్దు టీచరుగారూ, కొంచెం వదిలేసి రాయండి చాలు” అంది భార్య.

“ఏం వదిలేయను? నన్ను లిఫ్టులోంచి తీసిన సంగతా? అది వదిలేస్తే ఈ ఉత్తరం రాయడానికి నేనెక్కడుంటాను?” టీచరమ్మ గొంతు పైకి లేచింది. “రమ్మనండి ఆ ఆఫీసర్ని! మూడు గంటలు ఆ పెట్టెలో కూర్చోబెడతాను! బయటినుంచి మర్యాదగా మాట్లాడతాను!”

వంటగదిలో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. వాషరు అరిగింది. లిఫ్టాయన తల అటు తిరిగింది.

“అటు చూడకండి” అంది టీచరమ్మ గట్టిగా. “కారనివ్వండి. ఇల్లు మునిగినా సరే మీరు లేవద్దు.”

ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. భార్య ఏదో చెప్పబోయి ఆయాసంతో ఆగింది. టీచరమ్మ ఆ ఊపిరి వింది. ఇంక వాదించలేదు. కాగితం లాక్కుని, పెన్ను విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా ఒక్క ముక్క రాసింది. ‘ఈయన ఎవరి జోలికీ పోడు, ఎవరికీ ఏమీ చేయడు.’ కింద సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద విసిరికొట్టింది.

“నా జన్మలో ఇంత దిక్కుమాలిన వాక్యం రాయలేదు. తీసుకెళ్ళండి.”

శుక్రవారం పొద్దున చొక్కాకు ఇస్త్రీ చేస్తూ భార్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీసేసింది. ఆయన చూశాడు, అడగలేదు. ఆఫీసరు ఇచ్చిన కాగితం మీద ముందురోజే సంతకం పెట్టేశాడు. ‘ఏ పనీ చేయలేదు’ అన్నచోట కళ్ళు ఆగాయి. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎన్ని లిఫ్టు గుంటల్లోకి దిగాడో, నడుముకు తాడు కట్టుకుని ఎన్ని అంతస్తుల మీద వేలాడాడో, కుడిచేతి చిటికెన వేలి కొస ఏ గేటులో వదిలేశాడో, ఏదీ లేదు. ఏమీ చేయలేదు. పక్కగదిలో భార్య దగ్గు వినిపిస్తుంటే పెట్టేశాడు.

ఆఫీసరు గదిలోకి వెళ్ళేటప్పుడు ఆయన తలుపు పట్టుకుని మెల్లగానే వేశాడు. అలవాటు.

ఆఫీసరు రెండు ఉత్తరాలూ చదివాడు. ఈసారి ఎర్ర పెన్సిలు తీయలేదు. టీచరమ్మ ఉత్తరం రెండోసారి చదివి తల ఊపాడు.

“ఇలా ఉండాలి. చక్కగా ఉంది. చూశారా, రెండు చాలు.”

స్టాంపు పడింది. ఐదేళ్ళు. భార్య కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఒక ఊపిరి తీసుకుని వదిలింది. ఈల లేదు. ఆ ఊపిరి కోసమే ఇదంతా, ఆ సంగతి లిఫ్టాయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

ఇంతలో ఎవరో గుమాస్తా ఫైలు ఇచ్చి వెళ్ళిపోయాడు. తలుపు దడేల్మంది. బల్ల మీది కాగితాలు లేచాయి. ఆఫీసరు ఉలిక్కిపడి, కణతలు నొక్కుకున్నాడు.

“మూడు నెలలుగా రాసి పంపుతున్నాను. ఒక్కడు రాడు. రోజుకు యాభైసార్లు, తల పగిలిపోతోంది.” తర్వాత లిఫ్టాయన వైపు చూసి, కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. “మీకు తెలిసుంటుందిగా, దానికేమైందో? ముట్టుకోవద్దులెండి. ఊరికే నోటితో చెప్పండి చాలు.”

లిఫ్టాయన తలెత్తి తలుపు పైనున్న డబ్బాను చూశాడు. పక్క మర చూశాడు. పావు తిప్పు. ఏ చాకు మొనతోనైనా సరిపోతుంది. ఆఫీసరే కుర్చీ ఎక్కి చేసుకోవచ్చు.

“తెలియదండీ. నాకు ఏ పనీ రాదు” అన్నాడు.

 ఆఫీసరు నవ్వు అక్కడే ఆగి, మెల్లగా తగ్గింది. ఆయన తన ముందున్న సంతకం కాగితం కేసి చూసి, దాన్ని ఫైల్లో పెట్టేశాడు. భార్య తల దించుకుంది.

ఇద్దరూ లేచారు. ముందు ఆవిడ బయటికి వచ్చింది. వెనక లిఫ్టాయన వచ్చాడు. ఈసారి తలుపు పట్టుకోలేదు. వదిలేశాడు. ఆ చప్పుడుకు వరండాలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

మెట్ల దగ్గర ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇంటికెళ్ళాక ఇచ్చేస్తాలెండి. బియ్యం డబ్బాలో పెట్టాను.”

ఆయన చెయ్యి ఖాళీ జేబు మీదే ఉంది.

“ఇవ్వకు. ఐదేళ్ళూ అక్కడే ఉండనీ” అన్నాడు.