మైకులో అన్న మాట

కట్టయ్య బొట్టు వద్దన్న రోజు జట్టులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హన్మకొండ బజారు కబడ్డీ జట్టుకు ఆటకు ముందు ఒక పద్ధతి ఉండేది. కెప్టెన్ వెంకట్రాజం భద్రకాళి గుడి నుంచి తెచ్చిన కుంకుమ అందరి నొసటా పెట్టి, గీత దగ్గర కొబ్బరికాయ కొట్టేవాడు. వెంకట్రాజానిది పైపై భక్తి కాదు. బట్టల దుకాణంలో ఎంత గిరాకీ ఉన్నా శుక్రవారం ఒక్కపొద్దు ఉండి గుడికి పోయేవాడు.

1979 ఎండాకాలంలో కట్టయ్య, అతని తల్లి రాజక్క బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాతి ఆటలో కుంకుమ భరిణె తన దాకా వచ్చినప్పుడు కట్టయ్య చేతులు జోడించాడు. "నాకొద్దన్నా. ఏమనుకోకు," అని పక్కకు జరిగి నిలబడ్డాడు. వెంకట్రాజం సరేనన్నాడు కాని, ఆ మాట అతనికి లోపల గుచ్చుకుంది. బడిలో చదివే నాటి నుంచి ఇద్దరూ కలిసి ఆడారు. ఇంట్లో తెలియకుండా కట్టయ్య వాళ్ల వాడకు పోయి రాజక్క చేతి జొన్నరొట్టె ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు. అలాంటివాడు తన చేతి బొట్టు వద్దన్నాడు.

దసరా తర్వాత పరకాల పోటీలో ఫైనల్ దాకా వెళ్లారు. చివరి కూత మిగిలింది, ఒక్క పాయింటు కావాలి. అలాంటప్పుడు ఎప్పుడూ కట్టయ్యే పోయేవాడు. అతను అప్పటికే గీత దగ్గరికి వచ్చాడు కూడా. వెంకట్రాజం అతన్ని చేత్తో ఆపి తానే కూతకు పోయాడు. అమ్మవారి బొట్టు పెట్టుకున్నవాడే గెలిపించాలని ఆ క్షణంలో అనిపించింది. అవతలివాళ్లు మడమ దొరకబుచ్చుకుని పడేశారు. ఆట పోయింది.

తిరుగు బస్సులో ఎవరో అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. రెండు రోజుల్లో బజారంతా అదే మాటయింది. జట్టుకు పెద్దదిక్కయిన నూనె మిల్లు సాంబయ్య, ఓడినా ఫైనల్ దాకా పోయారు కదా అని చౌరస్తాలో సన్మానం పెట్టించాడు. కట్టయ్య ఆయన మిల్లులోనే బస్తాలు మోసేవాడు. తల్లిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఓటమి తనదేనని చెబుదామనే వెంకట్రాజం మైకు దగ్గరికి పోయాడు. ఎదురుగా తండ్రి, మామ, బజారు పెద్దలంతా ఉన్నారు. వాళ్లను చూడగానే ఆ మాట వెనక్కి పోయింది. ఇంకో మాట వచ్చింది.

"అమ్మవారి ముంగట తల వంచనోడు మా జట్టుల ఎట్ల ఉంటడు? ఒక్కడు పక్కకు నిలబడితే అందరికి అరిష్టమే."

చప్పట్లు మోగాయి. కాసేపు ఆ చప్పట్లు అతనికి తియ్యగానే ఉన్నాయి. కట్టయ్య లేచి తల్లి చేయి పట్టుకుని జనం మధ్య నుంచి వెళ్లిపోయాడు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

మర్నాడు సాంబయ్య కట్టయ్యను పనికి రావద్దన్నాడు. జట్టులో ఒక్కరూ అదేమిటని అడగలేదు. కట్టయ్య స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న మేనమామ దగ్గరికి పోయి, అక్కడే బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. అక్కడి జట్టు అతన్ని చేర్చుకుంది. రాజక్క మాత్రం హన్మకొండలోనే ఉండి కూరగాయలు అమ్ముకునేది.

కొన్నాళ్లకు అంగట్లో ఆమె ఎదురైంది. వెంకట్రాజం పక్క గల్లీలోకి తప్పుకోబోతుంటే పిలిచింది.

"మావాడు నిన్ను ఎన్నడన్న ఒక్క మాటన్నడా బిడ్డా?"

"లేదమ్మా."

"మరి నలుగుర్ల గట్లెందుకన్నవ్?"

దుకాణంలో గిరాకీ ఉందని చెప్పి అతను గబగబా వచ్చేశాడు. దుకాణంలో ఎవరూ లేరు. పొద్దుగూకేదాకా ఒకే చీరను విప్పుతూ మడత పెడుతూ కూర్చున్నాడు.

డిసెంబరులో దుకాణాల వెనక ఖాళీ జాగాలో క్రైస్తవుల సభలు జరిగాయి. ఒక సాయంత్రం మైకులో కట్టయ్య పేరు పిలవడం వినిపించింది. పేరున్న ఆటగాడని సాక్ష్యం చెప్పడానికి పిలిపించారట. వెంకట్రాజం దుకాణం పనివాళ్లకు అప్పగించి వెళ్లి పందిరి బయట నిలబడ్డాడు. విశ్వాసం కోసం జట్టులోంచి ఎలా వెళ్లగొట్టారో చెప్పమని పాస్టరు గారు అడిగారు. జనం కదలకుండా వింటున్నారు. కట్టయ్య మైకు అందుకుని మొదలుపెట్టాడు.

"గా ముచ్చట నేను చెప్ప అయ్యగారూ. మా వెంకట్రాజమన్న భద్రకాళమ్మను నమ్ముకున్నోడు. దగ్గరుండి చూసిన, అది దొంగ నమ్మకం గాదు. ఇయ్యాల ఈడ నిలబడి ఆయన దేవతను తక్కువ జేసి మాట్లాడితే, నన్ను అన్నోళ్లకు నాకు ఏం ఫరక్ ఉంటది? నాకు బొట్టు వద్దు, ఆయనకు కావాలె. గంతే."

అతను అంతటితో దిగిపోయాడు. వాళ్లు ఆశించిన సాక్ష్యం అది కాదు. పాస్టరు గారు తొందరగా పాట అందుకున్నారు.

కట్టయ్య తిట్టి ఉంటే వెంకట్రాజం ఓర్చుకునేవాడు. ఆ శుక్రవారం గుడికి పోయి కూడా అమ్మవారి ముఖం వైపు చూడలేకపోయాడు. తన భక్తి నిజమైందని తన తరఫున సాక్ష్యం పలికింది కట్టయ్య. దాన్ని నలుగురిలో అబద్ధానికి వాడుకున్నది తను.

సాంబయ్య దగ్గరికి పోయి, కట్టయ్యను పిలిపించమని, తాను చౌరస్తాలో మళ్లీ మాట్లాడతానని అడిగాడు. అయిపోయిన ముచ్చట మళ్లీ ఎందుకు లేపుతావని సాంబయ్య విసుక్కున్నాడు. దుకాణం సంగతి చూసుకొమ్మన్నాడు.

జనవరిలో హసన్‌పర్తి పోటీలకు ఘన్‌పూర్ జట్టు వచ్చింది. బజారు జట్టుకు మొదటి ఆటే వాళ్లతో పడింది. ఆటకు ముందు వెంకట్రాజం కట్టయ్యను పక్కకు పిలిచి, "తప్పయింది తమ్మీ," అన్నాడు.

కట్టయ్య మడమకు గుడ్డ చుట్టుకుంటూ తలెత్తాడు. "మైకుల అన్నవన్నా. మా అమ్మ ముంగటనే అన్నవ్. ఇప్పుడు నా చెవుల చెప్తానవ్."

గొంతులో కోపం లేదు. ముడి బిగించుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆట ఘన్‌పూరు గెలిచింది. అయిపోయాక ఓడిన జట్టు కెప్టెన్‌ను రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. వెంకట్రాజం జనం వైపు తిరిగాడు.

"పరకాలల ఓడింది నా మూలంగనే. కట్టయ్య పోవాల్సిన కూతకు నేను పోయిన. తప్పు నాది పెట్టుకోని, అమ్మవారి పేరు జెప్పి వాని మీద ఏసిన. వాని దేవుడు వానికి, నా తల్లి నాకు. ఇద్దరం కలిసి ఆడంగ ఏ అరిష్టం రాలే."

చప్పట్లు లేవు. కొందరు నవ్వారు. దిగమని ఒకరు అరిచారు. ఆట చూడవచ్చిన సాంబయ్య కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. వెంకట్రాజం కట్టయ్య కోసం వెతికాడు. బండి వేళవుతోందని అతను ఆట అయిన వెంటనే సంచి తీసుకుని పోయాడట.

మర్నాడు వెంకట్రాజం రాజక్క ఇంటికి వెళ్లాడు. అతను మైకులో అన్నది ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారట. ఆమె లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది. కట్టయ్య తిరిగి వస్తాడా అని అడిగాడు.

"రాడు బిడ్డా. అక్కడ వాని పని వానికున్నది," అంది ఆమె.

నీళ్లు తాగి అక్కడే కూర్చున్నాడు. ఆమె తన కూరగాయలు ఏరుకుంటూ ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆటకు ముందు వెంకట్రాజం కాయ కొట్టి, కుంకుమ భరిణెను గీత పక్కన ఉంచేవాడు. కావలసినవాళ్లు పెట్టుకునేవారు. ఈ పద్ధతి నచ్చక ఇద్దరు జట్టు వదిలిపోయారు. తర్వాతి ఏండ్లలో పోటీల దగ్గర కట్టయ్య కనిపించినప్పుడల్లా, "బాగున్నవా అన్నా," అని అతనే ముందుగా పలకరించేవాడు. బాగున్నానని చెప్పడానికి వెంకట్రాజానికి ప్రతిసారీ కొంతసేపు పట్టేది.