రెండు చుట్లు

మా జామ్‌నగర్ వీధిలో ఒక కోడి ఇత్తడి రజను తిని తిని, చివరికి ఇత్తడి గుడ్డు పెట్టిందని నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. నమ్మినవాళ్ళు నమ్మారు. పక్క వీధి నుంచి ఒకాయన గుడ్డు చూసిపోదామని కూడా వచ్చాడు. మోంఘీ భాభీ ఒక్కతే, "ఆ గుడ్డుకి మర కోశావా వశరామ్ భాయ్? కోస్తే ఇలా తే, స్క్రూ ఎక్కించి పెడతా" అంది.

ఆమె నా నేస్తం దేవ్‌శీ భార్య, నాకు వదిన వరస. దేవ్‌శీ, నేను ఒకే షెడ్డులో లేతు మిషన్ల ముందు నిలబడి ముసలివాళ్ళమయ్యాం. కరెంటు తీగను మీటరుకో మోటారుకో పట్టి ఉంచే టెర్మినళ్ళు చేయడం మా పని. గోరంత ఇత్తడి దిమ్మ. పక్కన తీగ దూరడానికి ఒక బెజ్జం, పైన దాన్ని నొక్కిపట్టే స్క్రూ తిరగడానికి మర, అంటే చుట్ల గాడి, కోసిన బెజ్జం. దిమ్మలు మావి, వాటికి స్క్రూలు ఎక్కించేది ఇళ్ళలో ఆడవాళ్ళు. ఎక్కించడమంటే బిగించడం కాదు, రెండు చుట్లు తిప్పి వదిలేయాలి. ఒక్క చుట్టయితే దారిలో రాలిపోతుంది. పూర్తిగా బిగిస్తే తీగకు దారి ఉండదు. మోంఘీ భాభీ వేళ్ళు మాటల్లో ఉన్నా, పెనం మీద రొట్టె కాలుతున్నా, లెక్క తప్పేవి కావు.

పోయిన ఎండాకాలం తప్పాయి. షెడ్డు యజమాని నారణ్ ఒక సంచి మోసుకొచ్చి దేవ్‌శీ ముందు పెట్టాడు. "కాకా, మోంఘీ కాకీ అన్నీ గట్టిగా బిగించేసింది. ఇక ఆమెను పని అడగలేను. ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

తప్పింది వేళ్ళ లెక్క ఒక్కటే కాదు. అప్పటికే ఆమె మనుషుల్ని మరిచిపోతోంది. చేతిలో పని లేని రోజున లేచి, పుట్టింటికి పోతానని వీధిన పడేది. ఒకసారి రైలుగేటు దాకా వెళ్ళిపోయింది. చేతిలో టెర్మినల్ ఉంటే మాత్రం కుదురుగా కూర్చునేది.

"ఆ చేతులకు పని ఆగకూడదురా వశరామ్," అన్నాడు దేవ్‌శీ. "ఆగితే ఈ మనిషి నాకు దక్కదు."

అందుకని ఒక దొంగపని మొదలుపెట్టాం. పొద్దు వాలేవేళ ఆమె కునుకు తీస్తుంటే, ఇద్దరం పెరట్లో కూర్చుని స్క్రూడ్రైవర్లతో ఆ సంచిలో స్క్రూలన్నీ ఊడదీసేవాళ్ళం. పొద్దున్నే అదే సంచి భుజాన వేసుకుని నేను గడపలో కేకేసేవాణ్ణి.

"భాభీ, కొత్త సరుకు! సముద్రం అడుగున చేపలు ఊరు కట్టుకున్నాయట. వీధి దీపాలకు కావాలంటున్నాయి, త్వరగా!"

"చేపలకు చీకట్లో కనబడదా? నీకు పగలే కనబడదు," అనేది ఆమె, సంచి లాక్కుంటూ. నా పేరు మరిచిపోయింది గానీ, నన్ను దెప్పడం మరిచిపోలేదు.

వానాకాలమంతా అలా గడిచింది. ఆమె బిగించడం, మేం ఊడదీయడం. ఇత్తడి మెత్తనిదని, రోజూ బిగించి ఊడదీస్తే మర అరిగిపోతుందని లేతు ముందు బతుకంతా గడిపిన ఇద్దరు వెధవలకూ తట్టలేదు.

ఒక పొద్దున ఆమె చేయి ఆగింది. ఒకటి తిప్పింది, పక్కన పడేసింది. ఇంకొకటి తీసింది, అదీ పడేసింది.

"మర చచ్చింది. స్క్రూ జారిపోతోంది," అంది. గొంతు మునుపటిదే. "ఎవడిచ్చాడీ సరుకు? దీన్ని నమ్మి తీగ పెడితే ఇల్లు తగలబడదూ?"

"పోనీలే, ఈ ఒక్కసారికీ..." అని నసిగాడు దేవ్‌శీ.

"ఏమి పోనీలే భాయ్? మా ఆయన ఇలాంటివి గడప దాటనివ్వడు. రానీ, ఆయనతోనే చెబుతాను."

దేవ్‌శీ ఆమెకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళు కాపురం చేసిన భార్య నోట అన్నా అని పిలిపించుకుని, లేచి చెప్పులు వేసుకున్నాడు. నారణ్ దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్ళి, అప్పుడే మర కోసిన దిమ్మలు, కొత్త స్క్రూలు ఒక పళ్ళెం నిండా తెచ్చాడు. ఇవ్వనని నారణ్ కూడా అనలేదు.

అప్పటికి మధ్యాహ్నమైంది. ఆమె ముందు పళ్ళెం పెట్టాం. ఒక స్క్రూ తీసి చూసింది, వాసన చూసింది. దిమ్మను రెండో చేతిలోకి తీసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది.

"తిప్పు మోంఘీ," అన్నాడు దేవ్‌శీ.

"దేన్ని?"

చెప్పడానికి నా దగ్గర చేపలున్నాయి, రాక్షసులున్నారు, ఇత్తడి గుడ్డు పెట్టే కోడి ఉంది. అవేవీ ఎత్తుకోకుండా పళ్ళెం ఆమెకు దగ్గరగా జరిపాను.

దేవ్‌శీ ఆమె ఒళ్ళోంచి ఆ రెండూ తీసుకున్నాడు. మొద్దు వేళ్ళతో స్క్రూ నిలబెట్టి తిప్పాడు. ఒకటి. రెండు. దాన్ని పళ్ళెం పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. ఆమె లేవలేదు, వీధి వైపు చూడలేదు. అతని వేళ్ళనే చూస్తూ కూర్చుంది. పదో పదిహేనో అయ్యాక మెల్లగా అంది:

"బాగా ఎక్కిస్తున్నావు భాయ్. ఎవరు నేర్పారు?"

"మా ఇంటిది," అన్నాడు దేవ్‌శీ, తల ఎత్తకుండా.