బిగబట్టిన ఊపిరి

రెండు నెలలుగా దగ్గితే రక్తం. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ, పోతూ పోతూ ఊపిరితిత్తిలో ఒక రక్తనాళం గోడను తినేసి పోయిందట. అక్కడ పలచటి బుడగ ఉబ్బింది. అది పగిలితే ఇక అంతే సంగతులని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. పెద్ద కోత అక్కర్లేదట. గజ్జల దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టాన్ని గుండె మీదుగా పంపి, తీగచుట్టలతో ఆ నాళాన్ని మూసేస్తామంది.

నాకు భయం కంటే విసుగే ఎక్కువ. ఈ రెండు నెలలూ మా ఆవిడ కూర్చునే కునుకు తీసింది. నేను దగ్గితే చాలు, గిన్నె పట్టుకుని లేచేది. పడుకోవే అంటే, "ముందు మీరు ఆ దగ్గు ఆపండి, అప్పుడు పడుకుంటా" అనేది. అలిసిపోయి ఇద్దరం అయినదానికీ కానిదానికీ కసురుకున్నాం.

బల్ల మీద మెలకువగానే పడుకోబెట్టారు. నడుము పీకేస్తోంది.

"ఊపిరి బిగబట్టండి. దగ్గితే గొట్టం కదిలిపోతుంది" అంది డాక్టరమ్మ.

బిగబట్టాను. ఫొటో తీసి వదలమన్నారు. మళ్లీ బిగబట్టమన్నారు. ఈసారి డాక్టరమ్మా, టెక్నీషియనూ కంప్యూటర్ తెర చూడటంలో మునిగిపోయారు. వదలమని ఆయన చెప్పాడనుకుని ఈమె, ఈమె చెప్పిందనుకుని ఆయన. నేనా, ఉద్యోగమంతా కండక్టర్ "రైట్ రైట్" అంటేగానీ బస్సు కదపని డ్రైవర్ని. కళ్లు బైర్లు కమ్ముతున్నా బిగబట్టే ఉన్నాను.

"అయ్యో, వదిలేయండి పెద్దాయనా" అంది నర్సు, నా మొహం చూసి.

"బుడగ వల్ల కాదమ్మా, మీ మతిమరుపు వల్ల పోయేవాణ్ణి" అన్నాను.

డాక్టరమ్మ నీరసంగా నవ్వింది. "మూసుకుపోయింది. ఇక బుడగలోకి రక్తం పోదు."

వార్డులో కాలు కదపకుండా పడుకోమన్నారు. కొన్నాళ్లు దగ్గుతో పాత రక్తం చారలు పడతాయి, కంగారు పడొద్దన్నారు. రైట్ రైట్ అనేవాడు లేక చచ్చేవాణ్ణే అని మా ఆవిడకి చెప్పాను. నవ్వుతూనే మంచం అంచు మీద తల వాల్చి నిద్రపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతున్నా కదల్లేదు.

అప్పుడే గొంతులో దగ్గు గరగరలాడింది. దగ్గితే లేస్తుంది, పాపం. బిగబట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక వదలమని చెప్పడానికి ఇక్కడ నర్సు కూడా లేదు.

కళ్లు తెరవకుండానే మా ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"రైట్ రైట్" అంది. "దగ్గండి."

దగ్గాను. తను గిన్నె కోసం లేవలేదు.