ఇనుము లేని దేశం

మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిన్నాక ఉప్పలయ్య నోటుబుక్కు తీసేవాడు. మట్టెవాడ గల్లీలోవాళ్లు అప్పుడు తమ కొడవళ్లూ బకెట్లూ లోపల పెట్టుకునేవారు. అతను రాసి చదువుతుంటే దగ్గర్లో ఉన్న ఇనుము మాయమైపోయేది. అతని భార్య కమల మట్టికుండల్లో వండటం అలవాటు చేసుకుంది. భర్త రాసేవేళకు ఆమె కత్తెర పట్టుకుని పక్కింటికి పోయి బీడీలు చుట్టేది.

ఉప్పలయ్య డెబ్బై ఒకటి యుద్ధంలో సిపాయి. ఒక నది ఒడ్డున ఎవరినో తుపాకీ బాయినెట్టుతో పొడిచాడు. ఆ మనిషి నీళ్లడిగాడు. ఆ సంగతి కమలకు ఒక్కసారే చెప్పాడు. ఇంటికొచ్చాక రెండేళ్లు నిద్ర లేదు. నోటుబుక్కులో ఇనుమే పుట్టని ఒక దేశం కథ మొదలుపెట్టాకే అతనికి కునుకు పట్టింది. ఆ దేశంలో వరిని పిట్టలు ముక్కులతో కోసిపెట్టేవి. పగవాళ్లు ఎదురుపడితే పొడుచుకోవడానికేమీ లేక, కూర్చుని చుట్టలు కాల్చుకునేవారు.

తమ్ముడు మొగిలయ్య పక్కనే కూర్చుని వినేవాడు. పందొమ్మిదేళ్లవాడు, పని దొరకలేదు. పటాలంలో చేరతానన్నాడు. ఉప్పలయ్య బతిమిలాడాడు, తిట్టాడు. వాడు వినలేదు. భర్తీ రోజు పరుగులో వంద గజాలకే పడిపోయాడు. నెత్తుటిలో ఇనుము లేదని దవాఖానలో చెప్పారు.

"ఇగ రాయకు. పిలగాడు దక్కడు," అంది కమల.

ఉప్పలయ్య పుస్తకం అటకెక్కించాడు. రెండు నెలల్లో తమ్ముడి మొహానికి రంగొచ్చింది. అన్నకు మళ్లీ నిద్ర కరువైంది. దాన్ని ఓర్చుకున్నాడు. కానీ ఒకరోజు మొగిలయ్య మళ్లీ పరుగు మొదలుపెట్టాడు, వచ్చే భర్తీకి పోతానన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఉప్పలయ్య పుస్తకం దింపి, తమ్ముణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కమల అడ్డం నిలబడింది.

"బలం లేకున్నా బతికుంటడు," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

అలా ఏటా రాసి వినిపిస్తుండగానే, ఎనభై ఒకటిలో మొగిలయ్యకు భర్తీ వయసు దాటింది. ఆ రోజే ఉప్పలయ్య రాయడం ఆపేశాడు. ఈసారి నెలలు గడిచినా తమ్ముడికి రంగు రాలేదు. మందులు పట్టలేదు. వాడు మంచం దిగలేకపోయాడు. తన చేతులు తనే చూసుకుంటూ ఉప్పలయ్య గడప మీద కూర్చునేవాడు.

ఒకనాడు మొగిలయ్య మెల్లగా పిలిచాడు.

"ఎందుకాపినవే అన్నా? నాకు ఎరుకే, ఎందుకు రాసినవో. ఇగ నేను యాడికి పోను? ఆ దేశం ఒక్కటే ఉన్నది నాకు. చదువు."

ఉప్పలయ్య గడప మీంచి లేచి పుస్తకం తీశాడు. మంచం దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. మొగిలయ్య కళ్లు మూసుకుని విన్నాడు.