కనకం రైలెక్కిందా?

నేను ఒక బైండు పుస్తకాన్ని. నన్నెవరో ఒక పెద్ద రచయిత రాశాడని మీరు పొరబడితే నాకేం అభ్యంతరం లేదు గానీ, నిజానికి నన్ను రాసినవాళ్లు ముప్పై ఒక్కమంది. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. వాళ్లందరినీ ఒక్కచోట చేర్చిన మనిషి సామర్లకోట స్టేషను రోడ్డులో ఆడవాళ్ల బట్టలు కుట్టే ఇందుమతి.

ఇందుమతి ఏనాడూ పత్రిక కొనలేదు. కొనాల్సిన అవసరమే రాలేదు. కొలత జాకెట్టు తెచ్చే ఆడవాళ్లు ఇంట్లో చదివేసిన పత్రికలు కూడా పట్టుకొచ్చేవారు. అలాగైనా తమ జాకెట్టు ముందు తెమిలిపోతుందని వాళ్ల ఆశ. డాక్టరు గారి భార్య భ్రమరాంబ సినిమా పత్రిక తెచ్చేది. రైల్వే గార్డు గారింటి నుంచి కార్మికుల పత్రిక వచ్చేది. పంతులమ్మ ఎస్తేరు ఉపాధ్యాయ సంఘం పత్రిక ఇచ్చి, అందులో కథ ఒక్కటే బాగుందని చెప్పి మరీ వెళ్లేది. ఆదివారం అనుబంధాలైతే జంతికల పొట్లాలుగా కూడా దిగేవి. పిల్లల మాసపత్రిక, జ్యోతిషం పత్రిక, దిండంత లావు దీపావళి సంచిక, ఆఖరికి ఎరువుల ప్రకటనల మధ్య నెలకో కథ వేసే వ్యవసాయ పత్రిక కూడా వచ్చేది. కథ వెయ్యని పత్రిక ఆ రోజుల్లో వెతికినా దొరికేది కాదు. కాగితం కోస్తే కత్తెర పదును పోతుందని ఊరందరికీ చెప్పే ఇందుమతి, నచ్చిన కథ కనిపిస్తే మాత్రం బట్టల కత్తెరే తీసేది.

కోసినవన్నీ పరుపు కింద దాచేది. పరుపు మీద పడుకోవడం కష్టమయ్యాక పెద్దాపురంలో బైండింగు చేసే మస్తాన్ గారి దగ్గరికి మోసుకెళ్లింది. ఆయన నన్ను చూసి తల పట్టుకున్నాడు. కొన్ని పేజీలు పొడుగు, కొన్ని పొట్టి, కొన్ని ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. అన్నింటినీ ఒక కొలతకి తెచ్చి కుట్టి, ఇందుమతి ఇచ్చిన మామిడిపండు రంగు లంగాగుడ్డ నా వీపుకి అంటించాడు. మొదట్లో నా లోపల ఒకటే పేచీ. సినిమా పత్రిక పేజీలకి తమ నునుపు చూసుకుని గర్వం, సంఘం పత్రిక పేజీలకి తమ గాంభీర్యం చూసుకుని గర్వం. పక్కపక్కన పడుండగా పడుండగా అన్నీ సర్దుకున్నాయి. మనుషుల్ని కూడా అప్పుడప్పుడు ఇలా కుట్టి పెడితే బాగుంటుందని నాకనిపిస్తుంది.

నాకున్న లోటు ఒక్కటే. వ్యవసాయ పత్రికలో వచ్చిన కథలో కనకం అనే ఆమె అత్తింట్లో మాటలు పడలేక పెట్టె పట్టుకుని స్టేషనుకి వస్తుంది. రైలు ఆగుతుంది. కుడికాలు మెట్టు మీద పెడుతుంది. అంతే, తర్వాతి కాగితం లేదు. ఆ పోయిన కాగితం వెనక వైపు కొబ్బరిచెట్టుకి పట్టే కొమ్ము పురుగుకి మందు రాశారట. పత్రిక ఇచ్చిన నూకరత్నం మొగుడు ముందే ఆ కాగితం చింపి అంబాజీపేటలో ఉన్న బావమరిదికి పంపేశాడు. ఎక్కడ పెట్టాడో ఆ బావమరిదికి గుర్తు లేదు. ఇందుమతి పత్రిక ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాస్తే, పత్రిక మూతపడిందని రెండూ తిరిగొచ్చాయి.

ఎందుకంత పట్టుదల అంటారా? ఇరవై నాలుగేళ్ల వయసులో ఇందుమతి కూడా ఒక కుట్టుమిషనుతో రైలెక్కి, తెలిసినవాళ్లెవరూ లేని ఈ ఊళ్లో దిగింది. చేసింది తప్పో ఒప్పో ఎవర్నీ అడగలేదు. కనకం ఏం చేసిందో మాత్రం తెలుసుకోవాలని ఆమెకి ప్రాణం కొట్టుకునేది.

అందుకే బైండింగులో ఆ కథ తర్వాత నాలుగు తెల్లకాగితాలు వేయించింది. మొదటిది అసలు ముగింపు దొరికితే అతికించడానికి. దాన్నెవర్నీ ముట్టుకోనివ్వలేదు. మిగతా మూడూ వచ్చిపోయేవాళ్లు తలా ఒక ముగింపు రాసి నింపేశారు. ఎవరింట్లో ఏ పత్రిక వస్తుందో ఆ రాతలు చూసి చెప్పేయొచ్చు. భ్రమరాంబ ముగింపులో మొగుడు రైలు వెంట పరుగెత్తి, కనకం చెయ్యి పట్టుకుని ఏడుస్తాడు. గార్డు గారి భార్య రైలుని పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదిలించింది. ఎస్తేరు కనకం చేత బీఎడ్ చదివించింది. జ్యోతిషం పత్రిక చదివే ఆవిడ కనకాన్ని కుడికాలు పెట్టినందుకు మెచ్చుకుని, ఆ రోజు మంగళవారం కాకుండా చూసుకుంది. ఇవి చదివి కొట్లో అందరూ కడుపుబ్బ నవ్వేవారు. నా జీవితంలో అంతకంటే మంచి రోజులు లేవు.

పంతొమ్మిదేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నూకరత్నం బస్సు దిగి, చంకలో ఒక చెక్కతో కొట్లోకొచ్చింది. అంబాజీపేటలో వాళ్ల తమ్ముడు పాత మోటారు షెడ్డు తలుపు మారుస్తుంటే దాని మీద కొమ్ము పురుగు బొమ్మ కనిపించిందట. మందు కనపడేలా అప్పట్లో తలుపుకి అతికించేశాడు కాబట్టి, కథ ఉన్న వైపు చెక్కకి అంటుకుని ఉంది.

"నీ కాయితం దొరికిందక్కా," అంది నూకరత్నం ఆయాసపడుతూ. "చిరిగిపోద్దని తలుపు చెక్కతో సహా తెచ్చేశాను. కండక్టరు దీనికీ టిక్కెట్టు కొట్టాడు."

ఇందుమతి తడిగుడ్డ వేసి, కుట్టుసూదితో ఆ కాగితాన్ని అంగుళం అంగుళం లేపింది. కబురందుకుని వచ్చినవాళ్లంతా చుట్టూ మూగి చూశారు. కళ్లజోడు ఎస్తేరుకే ఉంది కాబట్టి తనే పైకి చదివింది.

"కనకం రైలెక్కిందా? ఇంటికి తిరిగి వెళ్లిందా? పాఠకులారా, ముగింపు మీరే రాసి పంపండి. ఈ నెలాఖరులోగా మాకు అందాలి."

చదివిన ఎస్తేరే ముందు తేరుకుంది. "గడువు దాటితే దాటింది గానీ, మనం మాత్రం ఎప్పుడో రాసేశాం," అంది. ఇక నవ్వులే నవ్వులు. నూకరత్నమైతే చెక్క మీదే కూలబడి నవ్వింది.

ఇందుమతి నవ్వలేదు. నన్ను ఒళ్లోకి తీసుకుని, పంతొమ్మిదేళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ తెల్లకాగితం తెరిచింది. దొరికిన కాగితంలో ఆ నాలుగు వాక్యాలున్న ముక్క కోసి, అన్నం మెతుకులు మెదిపి, తెల్లకాగితం పై సగంలో అతికించింది. మిగిలిన సగంలో కొలతలు రాసుకునే పెన్సిలుతో నెమ్మదిగా రాసింది. నా ముప్పై ఒక్కమంది రచయితలూ క్షమించాలి, నాలో నాకన్నిటికంటే ఇష్టమైన వాక్యాలు ఆమెవే.

"ఎక్కింది. సామర్లకోటలో దిగింది. బాగానే ఉంది."